బెత్తెడు సందు

మిస్ట్ రూం తలుపంటే సక్రికి భయం. నిరుడు ఎండాకాలంలో ఆ తలుపు గడియ పెట్టడం మరిచి అన్నానికి వెళ్లింది. అరగంటే. తిరిగొచ్చేసరికి వడగాలికి మూడు బెడ్ల జామాయిల్ మొక్కలు వేడినీళ్లు పోసినట్టు వాలిపోయి ఉన్నాయి. పెనుబల్లి దగ్గరి ఆ నర్సరీ యజమానురాలు ప్రమీలారాణి కేకలేమీ వేయలేదు. మర్నాటి నుంచి సక్రిని మట్టి జల్లెడ పట్టే పనికి పంపింది. ఏడాదంతా అక్కడే.

ఈ వానాకాలం మిస్ట్ రూం చూసే మనిషి కాన్పుకు పుట్టింటికి వెళ్లడంతో మళ్లీ పిలవక తప్పలేదు. "ఈ ఒక్క బ్యాచ్ చూద్దాం సక్రీ. ఇదీ పోయిందంటే ఇక నువ్వు ఈ గదిలోకి రావద్దు" అని ముందే చెప్పింది.

గది అన్న పేరే గానీ గోడలుండవు. ఇనప గొట్టాల మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా కప్పిన గుడారం. జామాయిల్ కొమ్మ తుంపి, ఆకును సగానికి కత్తిరించి, మొదలును వేరు మందులో అద్ది ట్రేలో గుచ్చుతారు. వేరు లేని కొమ్మ నీళ్లు తాగలేదు. వేరొచ్చేదాకా దాన్ని గాలిలోని తడే బతికించాలి. పైనున్న నాజిళ్లు పావుగంటకోసారి పొగమంచులా తుంపర చిమ్ముతాయి. పదిహేనేళ్లు ఆ తుంపరలోనే పనిచేసిన సక్రికి ఆ చప్పుడు వింటే కడుపు నిండినట్టుంటుంది.

అయిదు రోజులుగా ముసురు. ఆరో రోజు పొద్దున లోపల అడుగు పెట్టగానే బూజు వాసన ముక్కుకు తగిలింది. పట్టా లోపలి నుంచి చుక్కలు టపటపా రాలుతున్నాయి. తేమ మీటర్ తొంభై తొమ్మిది చూపిస్తోంది. మూల బెడ్డులో ఒక కొమ్మను పట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చింది. మొదలు నల్లగా ఉంది. పక్కదీ అంతే.

మోటారు చూసే దస్రు వాళ్ల తండావాడే, మరిది వరస. అతనికి కేకేసింది.

"దస్రూ, మోటర్ బంద్ జెయ్!"

"ఏంది వదినా, మల్ల మట్టి జల్లెడ మీద మనసైందా?"

"నోరు మూసి చెప్పింది జెయ్. కొమ్మలు కుళ్లుతున్నయ్."

మోటారు ఆగింది గానీ చుక్కలు ఆగలేదు. ఖమ్మంలో ఉన్న ప్రమీలారాణికి ఫోన్ చేసింది.

"అమ్మా, లోపట తడి ఎక్కువై కొమ్మలు కుళ్లుతున్నయ్. పట్టా జర లేపుతా."

"వద్దొద్దు. కుళ్లు మందు తీసుకుని వస్తున్నా, ఒంటిగంటకల్లా అక్కడుంటా. అప్పటిదాకా ఏదీ తెరవకు. నిరుడు ఏమైందో మర్చిపోయావా?"

"యాదున్నదమ్మా."

"మరి?"

సక్రి ఫోన్ పెట్టేసింది.

ఒంటిగంటకు ఇంకా నాలుగు గంటలుంది. ఆలోపు కుళ్లు ఇంకో రెండు బెడ్లు దాటుతుంది. చేతిలోని నల్ల కొమ్మను చూస్తుంటే ఇంటి దగ్గరి మిర్చి కళ్లం గుర్తొచ్చింది. వానొస్తే కాయ మీద పట్టా కప్పుతారు. వెలిశాక కూడా భయపడి అలాగే ఉంచితే లోపల చెమట పట్టి కాయ బూజెక్కుతుంది. అందుకే ఆమె అత్త గాలి కొట్టని వైపు అంచును బెత్తెడు లేపి, కింద కట్టె పెట్టేది. "లోపలి ఆవిరి పోవాలె. బయటి గాలి దూకొద్దు" అనేది.

సక్రి గాలికి పెడవైపు వెళ్లి పట్టా అంచును బెత్తెడు లేపి, రెండు ఇటుకలు పెట్టింది. నల్లబడ్డ ట్రేలు బయట పడేసి, చేతి స్ప్రేయర్ పట్టుకుని ఆ సందు పక్కనే కూర్చుంది. మాటిమాటికీ ఒక ఆకును చెంపకు ఆనించి చూసింది. మీటర్ తొంభై ఏడు. తొంభై మూడు. చుక్కలు పలచబడ్డాయి. ఎనభై తొమ్మిది.

దస్రు తొంగి చూశాడు. "అమ్మ వస్తే నాకేం తెల్వదంటా, ముందే చెప్తున్నా."

"నువ్వు ఎప్పుడు తెలిసినోనివి గనుక?"

పదకొండు దాటగానే మబ్బు విడిపోయి ఎండ పడింది. వాన తర్వాతి ఎండ, చుర్రుమని. మీటర్ ఎనభైకి జారింది, ఆగలేదు. డెబ్బై నాలుగు. సందు పక్క ట్రేలో ఆకులు మెత్తబడి వాలసాగాయి. నిరుడు చూసిన వాలుడే.

"దస్రూ, మోటర్!"

"కరెంటు పోయింది వదినా!"

"జనరేటర్ జెయ్, జల్దీ!"

ఇటుకలు లాగేసింది. బురద అంటిన పట్టా కిందికి జారలేదు. మోకాళ్లతో తొక్కి పట్టి, ఒక చేత్తో స్ప్రేయర్ కొడుతూనే ఉంది. జనరేటర్ దగ్గింది. ఆగింది. మళ్లీ దగ్గింది. మూడోసారికి అందుకుంది. నాజిళ్లు చుయ్యిమన్నాయి. తుంపర ముఖం మీద పడుతున్నా సక్రి కళ్లు మూయలేదు. రెండో వరసలో ఆకులు మెల్లగా లేచాయి. అంచున ఉన్న ట్రే మాత్రం లేవలేదు.

ప్రమీలారాణి వచ్చేసరికి సక్రి తలుపు ముందు నిలబడి ఉంది. కాళ్ల దగ్గర రెండు రకాల ట్రేలు.

"పట్టా లేపిన్నమ్మా. గిది నా వల్ల వాడింది, ఒక్క ట్రే. గివి చెమటకు కుళ్లినయ్, ఆరు."

ప్రమీలారాణి లోపలికి వెళ్లింది. పట్టాను వేలితో రుద్దింది. మీటర్ చూసింది, ఎనభై ఎనిమిది. మధ్య బెడ్డులో ఒక కొమ్మను మెల్లగా లాగింది. రాలేదు. ఇంకొకటి లాగింది. అదీ రాలేదు. లోపల వేరు పట్టుకుంది.

బయటికొచ్చి, మందు డబ్బా సక్రి చేతికిచ్చింది.

"రేపూ ముసురేనంటున్నారు. పట్టా ఎన్నింటికి లేపుతావ్?"

సక్రి డబ్బాను చంకన పెట్టుకుంది.

"పొద్దుగాల వాసన చూసి చెప్తనమ్మా" అంది.