పక్షుల మీద పెట్టిన నింద

ఏటా గట్టున జరిపే చెరువు రోజున సన్మానానికి స్టేజీ మీదికి పిలిస్తే ఫొటోల మావయ్య వెనక్కి తిరిగి వెళ్లిపోయాడనీ, గర్వం నెత్తికెక్కిందనీ పేటంతా చెవులు కొరుక్కుంటోంది. చెరువు కమిటీ ప్రెసిడెంటు పదవి ఇవ్వలేదని అలిగాడని కొందరు, జ్ఞాపిక మరీ చిన్నదని మొహం తిప్పుకున్నాడని మరికొందరు. వెళ్లిపోయిన మాట నిజమే. గర్వం మాట మాత్రం పచ్చి అబద్ధం. ఆ మనిషిలో గర్వం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. ఆయన్ని లోపల్లోపల తొలిచేస్తున్నది వేరే ఉంది.

బజారు మలుపులో, మేడమెట్ల కింద ఆయన స్టూడియో ఉండేది. రంగుల తెర, రెండు లైట్లు, ఒక స్టూలు, పక్కనే నీళ్ల తొట్టి. తొట్టినిండా నున్నటి ఆకులు, వాటి మధ్య ఊదారంగు పూలు. కొత్త జంట ఏదొచ్చినా ఆ తొట్టి పక్కనే నిలబెట్టేవాడు. "ఊపిరి బిగబట్టకమ్మా, పెళ్లి చేసుకున్నావు గానీ నీళ్లలో మునగట్లేదు" అనేవాడు. పెళ్లికూతురు ఫక్కున నవ్వేది, ఈయన టక్కున నొక్కేసేవాడు. పేటలో ఏ ఇంటి గోడ చూసినా ఆ నవ్వూ, ఆ పూలూ ఉంటాయి.

ఫోన్లలోకి కెమెరాలు వచ్చాక స్టూడియోకి తాళం పడింది. గది ఖాళీ చేసేటప్పుడు తొట్టి కదిలితేనా! పగలగొట్టక తప్పలేదు. అందులోని మొక్కల్ని చెత్తలో పారేయడానికి మాత్రం ఆయనకు చేతులు రాలేదు. బకెట్లో వేసుకుని, సైకిలుకు తగిలించుకుని వెళ్లి చెరువులో వదిలాడు. అక్కడ ఫొటోలు తీసుకునే జంటల వెనక ఆ పూలుంటే ఎంత బాగుంటుందోనన్నదే ఆయన ఆశ.

మొదట్లో బాగానే ఉంది. కొత్త బట్టలు కట్టుకున్న జంటలు పూల ముందు ఫోన్లు పట్టుకుని నిలబడుతుంటే, దూరం నుంచి చూసి తన మనవల్ని చూసినట్టు మురిసిపోయాడు. ఆ మొక్క పేరు గుర్రపుడెక్క అని ఆయనకు అప్పటికి తెలియదు. అది పక్కకు ఒక వేలు చాపుతుంది, ఆ వేలి చివర పిల్ల పుడుతుంది, ఆ పిల్లా వేలు చాపుతుంది. ఒక్క నెగెటివ్ నుంచి ఎన్ని ప్రింట్లు తీయొచ్చో తెలిసిన మనిషికి ఈ సంగతి మాత్రం తట్టలేదు. చూస్తుండగానే చెరువు మీద పచ్చ తివాచీ పరిచినట్టయింది. చేపలు చచ్చి, పొట్టలు పైకి పెట్టి తేలాయి. దిగువన కూరగాయల తోటలకు వెళ్లే కాలవ పూడిపోయి, రైతులు మోటార్లు పెట్టుకోవాల్సి వచ్చింది.

అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నవాడు పడవ బాబాయి. చేపలు పట్టి, సాయంత్రాలు జనాన్ని పడవలో తిప్పి ఇల్లు నడుపుకునేవాడు. పడవ ఒడ్డున బోర్లాపడింది. ఆయన గోడౌను గేటు దగ్గర కాపలాకు కుదిరి, తన కొలతకు రెండింతలున్న యూనిఫాంలో ప్లాస్టిక్ కుర్చీకి అతుక్కుపోయాడు. ఫొటోల మావయ్యా ఆయనా చుట్టాలు కారు. కానీ కుర్రతనం నుంచీ "బావా" అంటే "బావా". ఆ యూనిఫాం కంటపడినప్పుడల్లా ఫొటోల మావయ్య తల దించుకుని పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

సైన్సు చెప్పి రిటైరైన టీచరమ్మ ఊరుకోలేదు. పేటవాళ్లనూ రైతులనూ లైబ్రరీ వరండాలో కూర్చోబెట్టింది. ప్రతి ఆదివారం అందరూ కలిసి డెక్క పీకాలి. రైతులు ట్రాక్టర్లలో తీసుకెళ్లి ఎరువు చేసుకోవాలి. ఆ ఎరువులో కొంత తిరిగి తెచ్చి అవతలి గట్టున నాటే మొక్కలకు వెయ్యాలి. మోకాలెత్తు కూడా లేని ఆ మొక్కల్ని ఆవిడ అప్పుడే "మన అడవి" అనేది. ఎవరైనా నవ్వితే, "మీరూ పుట్టినప్పుడు ఇంతే ఉన్నారు" అని నోరు మూయించేది.

ఆ రోజే ఆవిడ అడిగింది: "అసలీ మొక్క మన చెరువులోకి ఎలా వచ్చిందంటారు?"

ఫొటోల మావయ్య నోరు తెరిచాడు. మాట బయటికి వచ్చేలోపే పక్కనున్న పడవ బాబాయి అందుకున్నాడు. "పక్షులు తెచ్చుంటాయి మేడమ్, కాళ్లకంటుకుని."

అందరూ ఇటే చూస్తున్నారు. "ఆఁ... పక్షులే అయ్యుంటాయి" అనేశాడు మావయ్య.

ఇంటికి వెళ్లి భార్యకు చెప్పాడు. బకెట్ నింపిచ్చింది ఆవిడే కదా, ఆవిడ దగ్గర దాపరికమేముంది!

"పక్షుల మీదికి నెట్టారా? వాటికి నోరుంటే ఈపాటికి మన గుమ్మం ముందు ధర్నాకి కూర్చునేవి."

"రేపు చెప్తాలేవే."

"మీ రేపు ఎప్పటికి తెల్లారుతుందో!"

తెల్లారలేదు. దానికి బదులు ఆయన ఒళ్లు హూనం చేసుకున్నాడు. ఆదివారం అందరికంటే ముందు నడుంలోతు నీళ్లలో దిగేది ఆయనే, ఆఖరున ఎక్కేదీ ఆయనే. తెగిన ముక్క మిగిలినా మళ్లీ అల్లుకుంటుందని, జనం వెళ్లిపోయాక జల్లెడవలతో ఒక్కడే నీళ్లు గాలించేవాడు. అందరితో పాటు టీ తాగేవాడు కాదు. గుంపు ఫొటోలో నిలబడమంటే, "తీసేవాడు ఫొటోలో ఉండకూడదు" అని తప్పుకునేవాడు.

"ఏం బావా, ముక్కముక్కకీ దగ్గరుండి సాగనంపుతున్నావా?" అని పడవ బాబాయి ఆట పట్టించేవాడు. ఈయన నవ్వబోయేవాడు, నవ్వు వచ్చేది కాదు.

మెల్లగా నీళ్లు కనపడ్డాయి. కాలవ పారింది. పడవ బాబాయి పడవను తిరగేసి తారు పూశాడు, యూనిఫాం మడతపెట్టి గోడౌనువాళ్లకిచ్చేశాడు. ఆ సంబరంలో తిన్నగా టీచరమ్మ దగ్గరికి వెళ్లి, "ఈసారి చెరువు రోజున సన్మానం మా బావకే చెయ్యాలి మేడమ్. నా పడవని మళ్లీ నీళ్లలో దింపింది ఆయనే" అని పట్టుబట్టాడు.

ఆ కబురు విని ఫొటోల మావయ్య చెంపదెబ్బ తిన్నవాడిలా కూలబడ్డాడు.

"ఇప్పుడైనా చెప్పండి. జ్ఞాపిక పుచ్చుకున్నాక చెబితే మీ మొహం మీరు అద్దంలో కూడా చూసుకోలేరు" అంది భార్య.

"చెబితే వాడు మళ్లీ నన్ను బావా అంటాడంటావా?"



చెరువు రోజు వచ్చింది. గట్టున షామియానా, రైతుల కూరగాయల గంపలు, ఇంటింటికీ పంచడానికి మొక్కలు. మైకు ముందు పడవ బాబాయి తన బావను పొగుడుతూ, చివరికి కండువాతో కళ్లొత్తుకున్నాడు. టీచరమ్మ పిలిచింది. చప్పట్లు. ఫొటోల మావయ్య స్టేజీ మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. రెండో కాలు పైకి లేవలేదు. వెనక్కి తిరిగి, జనం మధ్యలోంచి గట్టు దిగి, పడవలోకి ఎక్కి కూర్చున్నాడు. పేట చూసింది అంతవరకే.

పడవ బాబాయి వెనకే పరుగెత్తాడు. ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడి, జనానికి దూరంగా తీసుకెళ్దామని తెడ్డు వేశాడు. పడవ బాబాయి భార్య కూడా పడవ కదిలేలోపే గబగబా ఎక్కి కూర్చుంది కాబట్టి ఆ మిగతా మాటలు మనదాకా వచ్చాయి. నీళ్ల నడుమకు వెళ్లాక తెడ్డు ఆగింది.

"ఏంటి బావా ఇది? అందరి ముందూ నా పరువు తీశావు. పోనీ, నేనేమైనా తప్పు మాట్లాడానా?"

"నువ్వు కాదు."

"మరి? టీ తాగవు, ఫొటోలో నిలబడవు, సన్మానం వద్దు. ఒళ్లు చంపుకుని ఈ డెక్క పీకుతావు. నీకూ దీనికీ ఏంటి పగ? సూటిగా చెప్పు."

ఫొటోల మావయ్య తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత బావ భార్య వంక, ఆ తర్వాత బావ కళ్లలోకి.

"మీ పెళ్లి ఫొటోలో చెల్లెమ్మ పక్కనున్న పూలు ఇవే, బావా. తొట్టి పగలగొట్టినప్పుడు తెచ్చి ఇక్కడ వదిలాను, బాగుంటాయని. పక్షులు కాదు. నేనే."