గొట్టంలో మిగిలిన పెట్రోలు

వెండెల్ హచిన్స్ గారి పికప్ ట్రక్కు గంటకు నూట నలభై మైళ్లు పోగలదట. ఆయన మాత్రం దాన్ని నలభై దాటనివ్వరు. ప్రతి శనివారం, లబ్బక్ రోడ్డు మీద నేను పనిచేసే బంకుకు వచ్చి ప్రీమియం పెట్రోలు పోయిస్తారు. అంతవరకు బాగానే ఉంది. కానీ మా పంపులో అన్ని రకాలకూ ఒకటే గొట్టం. ముందు వచ్చినవాడి మామూలు పెట్రోలు అందులో కాస్త మిగిలిపోతుందని ఈయన బెంగ. అందుకని మొదటి గ్యాలన్ పెట్రోలు ఎర్ర డబ్బాలోకి పట్టి, ఆ తర్వాతే ట్రక్కుకు పోస్తారు. వెనక ఎన్ని బళ్లు హారన్ కొట్టినా సరే.

ఒకరోజు ఆయన బంకు కొట్టులోకి వచ్చి డబ్బు కడుతుంటే ఒళ్లు మండి అడిగాను. "ఆ డబ్బాలోది ఏం చేస్తారండీ?"

"గడ్డి కోసే మిషనుకమ్మా. దానికి ఏదైనా ఒకటే. నా బండి అలా కాదు, చుక్క తేడా వచ్చినా దగ్గుతుంది. ఈ వేసవంతా ఎంత హాయిగా నడుస్తోందో!"

పక్కనే కాఫీ పోసుకుంటున్న ఆయన భార్య ఓపల్ గారు ఫక్కున నవ్వారు.

"ఏం గడ్డి, వెండెల్? మార్చి నుంచి చినుకు లేదు. పెరడంతా మాడిపోయింది. ఆ మిషను ముట్టుకుని ఎన్నాళ్లయింది?"

"మరి డబ్బా ప్రతివారం ఖాళీ అవుతోందిగా?"

"అవదూ మరి! ఆదివారం చర్చి నుంచి వచ్చి నువ్వు కునుకు తీస్తుంటే, నేనే దాన్ని నీ ట్రక్కులో పోస్తున్నా."

అప్పుడు దగ్గింది ట్రక్కు కాదు, వెండెల్ గారు.