మా మాస్టారి మాటల ఫైలు

మా కంప్యూటర్ మాస్టారు పోయారు. సోమవారం పొద్దున షాపు షట్టర్ ఎత్తుతూ పడిపోయారట. ఆ కబురు మా గ్రూపులోకి ఇంగ్లీషు అక్షరాల్లో కుక్కిన తెలుగులో వచ్చింది. ఆయనే ఉండుంటే, "చచ్చినోడి కబురన్నా తెలుగులో కొట్టండ్రా" అని తిట్టేవారు.

బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ల మధ్య ఆయనదొక చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, ప్రాజెక్టు రిపోర్టులు చేసేవారు. పొదిలి నుంచి డిగ్రీకి వచ్చిన నేను రికార్డు ప్రింటు కోసం వెళ్లి, ఈ బ్లాగు మొదలుపెట్టాక కూడా అక్కడే తిరిగాను. ఇక్కడ మీరు చదివే ప్రతి అక్షరం ఆయన వెతికిపెట్టిన ఉచిత కీబోర్డుతో కొట్టిందే.

ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నా ముందు మూడు ప్రశ్నలు వేసుకోమనేవారు. ఎన్నాళ్లు ఉచితం? ఎవరికి ఉచితం? రేపు మనం వదిలేసి పోతే మన రాతల్ని మనతో రానిస్తుందా? కొనక తప్పదంటే, తయారుచేసినవాళ్ల పేజీలోనే విద్యార్థుల ధర ఉందేమో చూపించేవారు. "పెద్ద పచ్చ బటన్ కనపడగానే నొక్కేయకమ్మా. అసలుది ఎక్కడో కింద, సిగ్గుపడుతూ చిన్నగా ఉంటది" అనేవారు.

ఆయనకొక పిచ్చి ఉండేది. మిర్చి యార్డు హమాలీలో, పత్తి రైతులో షాపుకి వచ్చి ఏదైనా కొత్త మాట అంటే, చేస్తున్న పని ఆపి దాన్ని ఒక ఫైల్లోకి ఎక్కించేవారు. ఏళ్ల తరబడి పోగేసిన మాటలు. నాకు మాటల మీద ప్రేమ పుట్టింది ఆ ఫైలు చదివే.

దాన్ని పోగొట్టింది నేను.

బొమ్మలు దిద్దే ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఒకటి స్నేహితురాలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చింది. మాస్టారికి చూపించాను.

"ఎక్కడిదమ్మా ఇది?"

"ఫ్రీయేనండి. ఎవరో క్రాక్ చేశారు."

"అది ఫ్రీ కాదు, దొంగది. నా సిస్టంలో పెట్టబాక."

ఆయన నమాజుకి వెళ్లారు. బ్లాగుకి మంచి బొమ్మ పెట్టాలన్న ఆత్రం నాది. పెట్టాను. ఆయన తిరిగొచ్చేసరికి ఒక్క ఫైలూ తెరుచుకోవడం లేదు. డబ్బు పంపితేనే తెరుస్తామని తెర మీద బెదిరింపు. రెండో కాపీ ఉన్న డ్రైవు కూడా దానికే తగిలించి ఉంది, అదీ పోయింది.

ఆయన నన్ను తిట్టలేదు. "నీకు గుర్తున్నవి చెప్పమ్మా" అన్నారు. మర్నాటి నుంచి జ్ఞాపకంలోంచి మళ్లీ కొట్టడం మొదలుపెట్టారు. చాలా మాటలు తిరిగి రాలేదు. చెప్పినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. "మర్చిపోయామన్న సంగతి కూడా తెలీదు చూడు, అదే బాధ" అన్నారొకసారి.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. షాపులోని కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చి మంచం పక్కన పెట్టారు. "చూడమ్మా, అందులో ఏముందో నీకే తెలుసు" అన్నారు మాస్టారి భార్య. ఫైలు తెరిచాను. 'అ' నుంచి 'త' దాకా వచ్చింది. "తాలు: రంగు పోయి తెల్లబడిన మిరపకాయ. పారెయ్యరు, వేరే కుప్ప పోస్తారు." దాని కింద "తొడిమ తుంచడం" అని ఉంది. పక్కన ఖాళీ.

ఆమెకు చదివి వినిపించాను.

"అది నన్నే అడిగారమ్మా, ఆదివారం. పెళ్లికి ముందు నేను కాయల తొడిమలు తీసే పనికి వెళ్లేదాన్ని. కాయ చిట్లకుండా ఒక్క విసురుతో తుంచేవాళ్లం. 'దానికి మీ ఆడోళ్లు ఏదో మాట అనేవాళ్లంటగా, చెప్పవే' అన్నారు. 'రేపు చెప్తాలెండి, ముందు అన్నం తినండి' అన్నాను."

"ఏమనేవాళ్లండీ?"

ఆమె చెప్పబోయి ఆగిపోయారు. ఆ మాట నోటికి రాలేదు. కళ్లు మూసుకుని గుర్తు చేసుకోవడానికి చూశారు. బొటనవేలూ చూపుడువేలూ మాత్రం దగ్గరికొచ్చి, చేతిలో లేని కాయకు తొడిమ తుంచాయి. మరో కాయకు. మరో కాయకు.