బేరానికి లొంగని రెండు వందల పన్నెండు

బేరం బావకి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరు ఏ అంకె చెప్పినా ఉన్నదున్నట్టు ఒప్పుకోడు. డబ్బు సంగతి కాదు సుమా! దుకాణంలో ఎంతంటే అంత ఇచ్చేసి, చిల్లర చూసుకోకుండా జేబులో పడేసుకుంటాడు. ఆయన బేరమంతా మిగతా అంకెలతోనే. బస్సు పావుగంటలో వస్తుందంటే "పది నిమిషాలు చేసుకో నాయనా" అంటాడు. బూట్ల కొట్లో తొమ్మిదో నంబరు కాలికి ఎనిమిదో నంబరు అడిగి, మధ్యే మార్గంగా ఎనిమిదిన్నరకి ఒప్పుకుని, వారం రోజులు కుంటుతాడు. తల్లి కడుపులో ఉండగా తొమ్మిది నెలలని చెబితే ఎనిమిదికి ఖాయం చేసుకుని బయటికొచ్చాడని ఆయన బామ్మర్ది ఊరంతా చెబుతాడు. అందులో కాస్త కోత ఉంటే ఉండొచ్చు గానీ, ఆ తల్లి మాత్రం కాదనలేదు.

కూడలిలో ఎర్రదీపం పక్కన తొంభై అని అంకె వెలిగితే బావ దానితోనూ మొదలుపెడతాడు. "ఎనభై చెయ్యి... డెబ్భై... ఇంకొంచెం దిగాలి... అరవై, ఆఁ, అలా రా దారికి!" అంకె తగ్గుతూ వస్తుంది. దీపం పచ్చగా మారాక బండి మీద వెనక కూర్చున్న బామ్మర్ది వైపు తిరిగి, "చూశావా, మాట్లాడే పద్ధతిలో మాట్లాడితే యంత్రమైనా వింటుంది" అంటాడు.

"నేను పెళ్ళికి ఆలోచించుకోవాలి, నెల రోజులు గడువివ్వండి అన్నాను" అని బావ భార్య, అంటే బామ్మర్ది అక్క, ఇప్పటికీ నిట్టూరుస్తుంది. "సాయంత్రానికల్లా ఒప్పించేశాడు మనిషి."

బావ వృత్తి దర్జీ పని. టేపు చుట్టి, "నడుము నలభై రెండు!" అని వీధి చివరిదాకా వినిపించేలా కేకేస్తాడు. కొలతకి నిలబడ్డవాడి మొహం వాడిపోతుంది. అప్పుడు బావ టేపు వైపు ఓసారి, ఆ మనిషి వైపు ఓసారి చూసి, "పోనీలెండి, మీరు కాబట్టి నలభై" అంటాడు. ఆ పెద్దమనిషి రెండంగుళాల కొవ్వు అక్కడికక్కడే కరిగిపోయినట్టు మురిసిపోతూ వెళతాడు. తమాషా ఏమిటంటే, ప్యాంటు సరిగ్గా సరిపోతుంది.

ఇంక బామ్మర్ది. అక్కావాళ్ళ పైవాటాలో ఉంటాడు. కింద వీధి మలుపులో అద్దాలు కోసి బిగించే దుకాణం. నిలువెత్తు అద్దాన్ని ఒంటిచేత్తో మూడంతస్తులు మోశానని చెప్పుకుంటాడు. అద్దం సంగతేమో గానీ నడుం నొప్పి మాత్రం నిజం. దానికోసం పొద్దునా రాత్రీ నొప్పి బిళ్ళలు మింగేవాడు. మధ్యలో జలుబు చేస్తే జలుబు బిళ్ళలు. రెండూ కలిపి పిప్పరమెంట్లలా చప్పరించేశాడు. ఓ నెలకి నీరసం పట్టుకుంది. అన్నం చూస్తే వికారం. డాక్టరు దగ్గరికెళితే రక్తపరీక్ష రాశాడు. కాగితం చేతికొచ్చింది. అందులో ఎస్‌జీపీటీ అనే మాట పక్కన రెండు వందల పన్నెండు అని నల్లగా, లావుగా అచ్చయి ఉంది. దాని పక్కనే చిన్నక్షరాల్లో, నలభై లోపు ఉండాలని.

 ఆ రాత్రి బామ్మర్ది ఫోన్లో వెతికాడు. తెల్లారేసరికి అతనికి పదకొండు రోగాలున్నాయి. అందులో రెండు ఆడవాళ్ళకి మాత్రమే వచ్చేవి.

"బావా, నేను పోతున్నాను" అన్నాడు కాగితం చూపించి.

"ఎప్పుడు?"

"ఈ ఏడాది దాటను."

"అంత తొందరేం? నలభై ఏళ్ళు చేసుకో."

"బేరాలాడే విషయమా బావా ఇది!"

"సరే, ముప్పై ఎనిమిది. ఇంక నీకోసం ఒక్క ఏడాది కూడా తగ్గించను" అని చెప్పులేసుకున్నాడు బావ. "పద డాక్టరు దగ్గరికి."

ఆసుపత్రిలో బామ్మర్దిని బల్లమీద కూర్చోబెట్టి, "వరసెంతుందో కనుక్కొస్తా" అని బావ లోపలికెళ్ళాడు. ఎంతకీ రాడు. ఎదుటి గోడమీద కాలేయం బొమ్మ వేలాడుతోంది. మంచి కాలేయం ఒకటి, చెడిపోయింది ఒకటి. బామ్మర్ది రెండోదాన్నే చూస్తూ కూర్చున్నాడు. అరచేతులు చెమటపట్టి, కాగితం మడతల దగ్గర నానిపోయింది. బావ వచ్చి, "పిలుస్తున్నారు" అన్నాడు. అంతే, వరస సంగతి మళ్ళీ ఎత్తలేదు.

డాక్టరు కాగితం బల్లమీద పరిచాడు. "చూడండి. ఈ ఎస్‌జీపీటీ కాలేయం కణాల లోపల ఉండాల్సిన సరుకు. కణం దెబ్బతింటే అది రక్తంలోకి కారుతుంది. అందుకే అంకె పెరిగింది."

"రెండొందల పన్నెండంటే మరీ ఎక్కువండీ" అన్నాడు బావ. "ఓ నూట ఎనభై..."

"ఇదేం కూరగాయల బండి కాదండీ!"

"పోనీ రెండొందలు. ఆ పైన పన్నెండు దేనికండీ, ఎవరికీ పనికిరాని పన్నెండు!"

డాక్టరు వినిపించుకోలేదు. అద్దాల దుకాణమని తెలిసి బామ్మర్ది వైపు తిరిగాడు. "మీ కొట్టు ముందు గాజుపెంకులు కనిపిస్తే ఏమనుకుంటారు?"

"లోపలేదో పగిలిందనుకుంటాం" అన్నాడు బామ్మర్ది పీలగా.

"అంతే. ఈ అంకె ఆ పెంకులు. పెంకులు చూసి కొట్టు మూతపడిందని చెప్పలేం కదా? లోపల పని నడుస్తోందా లేదా అన్నది వేరే అంకెలు చెబుతాయి. ఇదిగో ఆల్బుమిన్. కాలేయం తయారుచేసే మాంసకృత్తు. మీకు నాలుగు పాయింట్ రెండుంది."

"దాన్నీ కొంచెం తగ్గించండి మరి" అన్నాడు బావ ఆత్రంగా.

"అది తగ్గకూడదండీ! అది తగ్గితేనే భయం."

బావ ఒక్క క్షణం తడబడ్డాడు. ఆయన జీవితంలో తగ్గకూడని అంకె తగలడం అదే మొదలు. వెంటనే సర్దుకున్నాడు. "అయితే ఐదు చేయండి."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత బామ్మర్ది మింగిన బిళ్ళల అట్టలు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు. పేర్లు వేరు, రంగులు వేరు, లోపలున్న మందు ఒకటే. రోజూ రెండింతలు పడిందన్నమాట. "చాలావరకు దీనివల్లే అనుకుంటున్నాను. కానీ అనుకుంటే చాలదు. కామెర్ల వైరస్‌లు ఉన్నాయేమో, రక్తం గడ్డకట్టే సమయం ఎంతో, ఇవాళే చూద్దాం. బిళ్ళలన్నీ ఆపండి. మద్యం చుక్క ముట్టొద్దు. ఎనిమిది వారాలాగి మళ్ళీ పరీక్ష."

"ఎనిమిదా!" అన్నాడు బామ్మర్ది. ఎనిమిది వారాలు ఈ అంకెని మోయాలా?

"రెండు" అన్నాడు బావ.

"కుదరదండీ. ఆరు."

"మూడు. కుర్రాడి మొహం చూసైనా."

"నాలుగు. ఇక తగ్గను."

"ఖాయం!" అని బావ బల్లమీద చెయ్యి వేశాడు. బామ్మర్దికి ఎందుకో ఊపిరి తేలికైంది. సగానికి సగం కొట్టేశాం కదా మరి.

రక్తం తీసే గదిలో సిస్టరమ్మ ఆరు గొట్టాలంది. సూది చూడగానే బామ్మర్ది గోడలో కలిసిపోయాడు. బావ వాదించి మూడుకి దించాడు. మూడే కదా అని బామ్మర్ది చెయ్యి చాపాడు. వైరస్‌లు లేవని, గడ్డకట్టే సమయం బాగానే ఉందని రెండ్రోజుల్లో తెలిసింది. ఇక మిగిలింది ఆ రెండొందల పన్నెండొక్కటే. అది దిగుతుందా, ఎక్కుతుందా?

భయపడేవాడు ఏ కొట్లో అయినా పనిచేయొచ్చు గానీ అద్దాల కొట్లో పనిచేయకూడదు. ఎటు తిరిగినా తన మొహమే. కంటి రెప్ప కిందికి లాగి పచ్చబడిందా అని చూసుకుంటాడు. పక్క అద్దంలో ఇంకోసారి. వాళ్ళింట్లో వీళ్ళింట్లో అద్దం బిగించి, కొలత సరిచూస్తున్నట్టు నటిస్తూ నాలుక బయటపెడతాడు. ఓ ఇంటావిడ జడుసుకుని భర్తని పిలిచింది. కొట్లో దీపం పసుపు రంగుదని మర్చిపోయి, ఓ సాయంత్రం మొత్తం వీధికే కామెర్లొచ్చాయని గోల చేశాడు.

"ఇవాళ కళ్ళు ఎన్నిసార్లు చూసుకున్నావురా?" అని బావ రాత్రి భోజనాల దగ్గర అడిగేవాడు.

"నలభై సార్లుంటుంది బావా."

"ఇరవైకి రా."

"నా వల్ల కాదు. ముప్పై ఐదు."

"ఇరవై ఐదు. చివరి మాట."

"ఏమండీ, అన్నం చల్లారిపోతోంది" అని అక్క మొత్తుకునేది. ఇద్దరూ వినేవాళ్ళు కాదు. ఇరవై ఎనిమిది దగ్గర తెగేది. మర్నాడు మాట నిలబెట్టుకోవాలని బామ్మర్ది అద్దాల మీద గోనెలు కప్పేవాడు. అలా వారం తిరిగేసరికి పది, తర్వాత ఐదు. నాలుగో వారానికి అద్దాన్ని అద్దంలాగే చూడగలిగాడు. ఆకలి కూడా కొంచెం కొంచెం తిరిగొచ్చింది. అయినా పరీక్ష రోజు తెల్లవారుతుంటే మళ్ళీ అద్దం ముందు నిలబడి రెప్ప లాగి చూసుకున్నాడు.

ఆ పొద్దున బావకి ఓ పెద్దమనిషి సూటు అప్పగించాల్సి వచ్చింది. "నువ్వు కూర్చుని ఉండు. నేనొచ్చేదాకా ఎవరేం చెప్పినా ఒప్పుకోకు" అని హెచ్చరించి వెళ్ళాడు. కానీ సిస్టరమ్మ ముందే పిలిచేసింది.

"ఇవాళ ఒక్క గొట్టం చాలు. చెయ్యి చాపండి" అని, అంతలోనే నాలుక కరుచుకుంది. "అయ్యయ్యో! మీ బావగారు రాలేదా? రెండని చెప్పాలి కదా నేను!"

"రెండెందుకు చెప్పాలి?"

"ఏమో బాబూ, ఆయన పద్ధతి అది. పోయినసారి మీరు బల్లమీద కూర్చున్నప్పుడు లోపలికొచ్చి బతిమాలారు. 'మావాడు సూది చూస్తే పడిపోతాడమ్మా. ఎన్ని కావాలో దానికి రెట్టింపు చెప్పండి, నేను తగ్గిస్తాను. వాడికి ఏదో గెలిచినట్టుంటుంది' అన్నారు. నాకు కావలసింది మూడే."

బామ్మర్ది నోరు తెరిచాడు. సూది దిగిన సంగతి కూడా తెలియలేదు.

"మరి డాక్టరుగారి ఎనిమిది వారాలు?"

"ఆయన మొదట్నుంచీ నాలుగే అన్నారు. ఎనిమిదని చెప్పించింది మీ బావగారే. రాబోయే రిపోర్టులో అంకె ఎంతొచ్చినా ముందు దానికి రెట్టింపు చెప్పండి, నేను దించుతానన్నారట! డాక్టరుగారు మండిపడ్డారు. 'వారాలంటే మీ ఇష్టం, రోగి అంకెలతో ఆటలొద్దు' అన్నారు. అప్పుడు చూడాలి మీ బావగారిని. బయటికొచ్చి, అదిగో ఆ గోడవైపు తిరిగి నిలబడ్డారు. నీళ్ళిస్తే తాగలేకపోయారు. తర్వాత మొహం తుడుచుకుని మీ దగ్గరికొచ్చారు." దూది అద్ది మోచెయ్యి మడిచింది. "గట్టిగా పట్టుకోండి. మీతో చెప్పానని ఆయనకి చెప్పకండి బాబూ."

బామ్మర్ది చెయ్యి మడుచుకుని బల్లమీద కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ తనకొక్కడికే భయమనుకున్నాడు. తన వెంట తిరిగిన మనిషి రెండు భయాలు మోస్తూ, ఒకటి కూడా తగ్గించమని ఎవర్నీ అడగలేదన్నమాట.

మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. బామ్మర్ది కళ్ళు మూసుకుని తెరిచాడు. యాభై రెండు. కింద మిగతావన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. డాక్టరు చూసి, "కాలేయం తనని తాను బాగుచేసుకుంటోంది. మూడు నెలలాగి ఇంకోసారి చూద్దాం. ఆ బిళ్ళల జోలికి మాత్రం నన్నడక్కుండా వెళ్ళొద్దు" అన్నాడు.

అప్పుడొచ్చాడు బావ, మెడలో టేపుతో, చొక్కా నిండా దారప్పోగులతో, పరుగున. వచ్చి బామ్మర్ది ఎదుట ఆగిపోయాడు. "ఎంత?" అన్నాడు. ఎంత చిన్నగా అన్నాడంటే, సిస్టరమ్మ తలెత్తి చూసింది. ఏ అంకె చెప్పినా నెత్తిన పెట్టుకుని మోయడానికి సిద్ధపడ్డ మొహం అది.

బామ్మర్ది కాగితం వెనక దాచుకున్నాడు. "డెబ్భై ఐదు" అన్నాడు.

బావ మెడలో టేపు రెండు చేతులా పట్టుకున్నాడు. "డెబ్భై ఐదా... దిగిందిగా. దిగింది కదరా!" కళ్ళు చెమర్చాయి. అయినా పుట్టుక అలాంటిది. "ఓ డెబ్భై చేసుకోలేవూ?"

"నువ్వు కాబట్టి డెబ్భై."

"అరవై ఐదు!"

"అరవై."

"యాభై" అన్నాడు బావ ఊపందుకుని.

"యాభై రెండు. ఇంతకన్నా తగ్గితే నాకు గిట్టదు బావా" అని కాగితం చేతికిచ్చాడు.

బావ చదివాడు. మళ్ళీ చదివాడు. బామ్మర్ది వైపు చూశాడు. సిస్టరమ్మ వైపు చూశాడు. ఆవిడ ఉన్నట్టుండి ఖాళీ గొట్టాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. బావ చెవులు ఎర్రబడ్డాయి.

"మళ్ళీ పరీక్షెప్పుడట?" అన్నాడు గొంతు సవరించుకుని.

"మూడు నెలలకి. ఎక్కువనిపిస్తే నువ్వెళ్ళి మాట్లాడు. కాకపోతే ముందు లోపలికెళ్ళి ఆరని చెప్పించు."

"నెమ్మదిగా అఘోరించరా!" అని బావ కంగారుగా డాక్టరు గది తలుపు వైపు చూశాడు. "ఆయన విన్నాడంటే ఈసారి సాయం చెయ్యడు!"