తొమ్మిది పేజీలు మాట్లాడినవాడు

నిన్న మధ్యాహ్నం హిందూపురంలో మా ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. పెట్టె విప్పగానే కొత్త అట్ట వాసన, కాస్త జిగురు వాసన ముక్కుకు తగిలాయి. లోపల ఏముందో చూడాలన్న ధ్యాసే పోయింది. ధర్మవరంలో ఏడేళ్ళు నేను ఆ వాసనలోనే బతికాను. ఆ ఏడేళ్ళూ నా పక్క స్టూలు మీద కూర్చుని పని నేర్పిన రుద్రప్ప సారు గుర్తొచ్చి, పెట్టె అలాగే వదిలేసి కూర్చుండిపోయాను.

రుద్రప్ప సారుది మడకశిర. పట్టుచీరల అంచులకూ కొంగులకూ డిజైన్లు వేయడం ఆయన పని. కాగితం మీద గీసిన నెమలిని ముందు గ్రాఫ్ గళ్ళలోకి దించాలి. ఆ గళ్ళు చూసి అట్టలకు రంధ్రాలు కొట్టాలి. ఆ అట్టలు మగ్గానికి ఎక్కిస్తే నెమలి చీర మీదికి వస్తుంది. డిగ్రీ తప్పి ఊరికే తిరుగుతున్న నన్ను మా నాయన ఆయన దగ్గర కుదిర్చాడు. సారు ముఖంలో ఎడమ సగం ఎప్పుడో కాలిపోయింది. ఆ వైపు కన్ను చిన్నదిగా, పెదవి కొస పైకి లాగినట్టుగా ఉండేది. కొత్తవాళ్ళు ఆయనతో ఎటో చూస్తూ మాట్లాడేవాళ్ళు. మొదటి నెల నేనూ అంతే. తర్వాత అలవాటైంది.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే, పాత ఇంగ్లీషు దయ్యాల నవలలు. బెంగళూరు ఫుట్‌పాత్‌ల మీద కొనుక్కొచ్చేవారు. గళ్ళు నింపుతూనే వాటిని మన మాటల్లో నాకు చెప్పేవారు. ఒక్కో కథ వారాల తరబడి సాగేది. నేను ఆగలేక వాటి మీద తీసిన సినిమాలు ఫోన్‌లో చూసేసి, మర్నాడు నా పాండిత్యమంతా ఒలకబోసేవాణ్ణి. ఆయన నవ్వేవారు. నవలలో దయ్యం ఉత్తరాలు రాస్తుంది, వాదిస్తుంది, ఏళ్ళ తరబడి ఎదురుచూస్తుంది. సినిమాకొచ్చేసరికి తలుపు కిర్రుమంటుంది, పిల్లి దూకుతుంది, అంతటితో సరి అనేవారు. గుడ్డలోకి నూనె దిగినట్టు భయం మెల్లగా దిగాలట. సినిమావాళ్ళకు అంత ఓపిక లేదని ఆయన ఫిర్యాదు.

అన్నిటిలోకీ ఆయనకు ప్రాణమైన నవల ఒకటుంది. ఒక ప్రభువు, వికారంగా పుట్టిన పెద్దకొడుకును కోట బురుజులో దాచి పెంచుతాడు. వాడు తప్పించుకుని అడవి పట్టాక ఊరివాళ్ళు వాణ్ణి రాక్షసుడంటారు. చివరికి తమ్ముడే తుపాకీ పట్టుకుని వస్తాడు. అప్పుడు వాడు తమ్ముడితో తొమ్మిది పేజీలు మాట్లాడతాడు. ఆ కథతో వచ్చిన సినిమాలన్నిటిలోనూ వాడు అరుస్తాడే తప్ప ఒక్క మాట మాట్లాడడు.

ఏమీ మార్చకుండా తీయడం ఎవరి వల్ల అవుతుంది సార్ అని ఒకరోజు అడ్డం తిరిగాను. ఆయన చేతిలోని గ్రాఫ్ నా ముందుకు జరిపారు.

"గీతలో ఉండే వంపు గళ్ళల్లోకి వస్తే మెట్లు మెట్లుగా అయితాదప్పా. దానికి ఎవురినీ అనేదానికి లేదు. కానీ కన్ను తీసేస్తే అది నెమలేనా?" అన్నారు.

నాకు సినిమా పురుగు కుట్టింది. ఐదో ఏడు హిందూపురంలో పది నిమిషాల సినిమాల పోటీ ఒకటి పెట్టారు. స్నేహితులను పోగేసి, ఆ నవలనే తీస్తానన్నాను. సారు ముఖం వెలిగిపోయింది. రెండు మధ్యాహ్నాలు పని ఆపి ఆ తొమ్మిది పేజీలూ మళ్ళీ చెప్పారు. నేను రాసుకున్నాను. పెనుకొండలో కొండ మీది కోట దగ్గర షూటింగ్. వేషం ఎలా ఉండాలో గీసిమ్మని మేకప్ చేసే స్నేహితుడు అడిగితే, కూర్చుని రెండు నిమిషాల్లో గీసిచ్చాను. ఆ తర్వాత గాలికి మాటలు సరిగా రికార్డు కాలేదు, నటించేవాడికి అంత పొడుగు మాటలు నోరు తిరగలేదు. తీసేయమని అందరూ అన్నారు. తీసేశాను. బదులుగా వాడి చేత గట్టిగా అరిపించాను.

ప్రదర్శన రోజు సారు తెల్ల చొక్కా వేసుకుని ధర్మవరం నుంచి రైల్లో వచ్చారు. నా పక్కనే కూర్చున్నారు. తెర మీద రాక్షసుడు ముసుగు తీశాడు. ఎడమ సగం కాలిన ముఖం, చిన్న కన్ను, పైకి లాగిన పెదవి. హాల్లో ఆడపిల్లలు కెవ్వుమన్నారు, వెనకాల ఎవరో పగలబడి నవ్వారు. నేను గీసింది ఎవరి ముఖమో నాకు ఆ క్షణం దాకా తెలియదంటే ఎవరూ నమ్మరు. ఐదేళ్ళు రోజూ చూసిన ముఖమది. చేయి దానంతట అదే గీసేసింది. తల తిప్పి పక్కకు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

బయటికొచ్చాక టీ తాగాం. ముఖం సంగతి ఆయన ఎత్తలేదు. "జనం బాగా భయపడినారు. నీకు ఈ పని వచ్చినట్టే ఉండాది" అన్నారు. గ్లాసు కింద పెట్టి, "వాడు మాట్లాడినాడప్పా, నీకు చెప్పినా కదా" అని రైలుకు వేళైందని వెళ్ళిపోయారు.

సోమవారం పనికి వెళ్ళాను. స్టూలు తుడిచి పెట్టి ఉంది, టీ వచ్చింది, గ్రాఫ్ ఇచ్చారు. అంతా మామూలే. కథ మాత్రం చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. అక్కడున్న మిగతా రెండేళ్ళలో ఆయన నోటి వెంట ఒక్క నవల పేరు రాలేదు. తిట్టి ఉంటే కాళ్ళ మీద పడేవాణ్ణి. ఆయన తిట్టలేదు, నేను పడలేదు. తర్వాత నేను బెంగళూరు వెళ్ళాను. ఆయన పోయారని ఆయన మేనల్లుడు ఫోన్ చేసేటప్పటికి అన్నీ అయిపోయాయి.

ఇప్పుడు నేను వెబ్ సిరీస్‌లకు మాటలు రాస్తాను. భయపెట్టే కథలైతే నన్నే పిలుస్తారు. రాక్షసుడి చేత మాట్లాడించాలని ప్రతిసారీ గొడవ పడతాను, ఎక్కువసార్లు ఓడిపోతాను. మొండివాడినని పేరొచ్చింది. ఆ మొండితనం ఆయన పెట్టిన భిక్ష, సంతోషంగానే మోస్తున్నాను.

మోయలేనిది వేరే ఉంది. కొండ మీద గాలి వల్లే మాటలు తీసేయాల్సి వచ్చిందని చాలా కాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ ఏడేళ్ళు మోచేయి తగిలేంత దగ్గరగా కూర్చుని, మీకు ఏమైంది సార్ అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే నొచ్చుకుంటారనుకున్నాను. అది కూడా అబద్ధమే, వినడానికి నాకే భయం. ధర్మవరంలో రైలు దిగి, ఆయన ఎదురుగా కూర్చుని, ఆ ఒక్క మాట అడగాలని ఉంది. చెప్పడం అయ్యేదాకా లేవకుండా వినాలని ఉంది.