ఖాళీ చోట అమ్మ పెట్టే పుస్తకం

బీరువా సర్దుతుంటే అమ్మ పాటల పుస్తకం దొరికింది. నల్ల రెక్సిన్ అట్ట, పేజీలకు ఇంకా కొబ్బరినూనె వాసన. రెజిమెంటల్ బజార్‌లో మన చిన్న చర్చి, ఆడవాళ్ల వైపు పరిచే ఈతచాపలు ఒకప్పుడు అక్కడికి వచ్చిన మీకు గుర్తున్నాయా?

ఎవరైనా రాకపోతే వాళ్లు కూర్చునే చోట అమ్మ ఈ పుస్తకం పెట్టేది. అక్కడ ఇంకెవరినీ కూర్చోనిచ్చేది కాదు. ఆరాధన అవగానే, అన్నం కూడా తినకుండా నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లేది. ఒకసారి రూతక్క రెండు వారాలు రాలేదు. అమ్మ గుమ్మంలోనే పుస్తకం ఆమె చేతికిచ్చింది.

"నీ జాగల ఇది పెట్టిన రూతూ. వచ్చే ఆదివారం నువ్వే తెచ్చియ్యి."

"ఇంట్ల మస్తు పరేషాన్ ఉందక్కా."

"ఉండనీ. జెర చాయ్ పెట్టు, కూసుంటా."

తర్వాతి ఆదివారం రూతక్క పుస్తకం పట్టుకుని వచ్చింది.

మొన్న ఆడవాళ్ల వైపు ఐదుగురమే ఉన్నాం. ఇట్లాగైతే చర్చి మూసేయాల్సి వస్తుందని పాస్టరుగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. జనం తగ్గిపోయినందుకు మనసులో ఆయన్నే తప్పుపట్టాను. పోయిన నెల జ్వరంతో మూడు వారాలు నేను వెళ్లకపోతే ఒక్కరూ చూడటానికి మా ఇంటికి రాలేదని అందరి మీదా మండిపడ్డాను. అమ్మ పోయాక ఇన్నేళ్లలో నేను ఎవరి గుమ్మం తొక్కాను? ఒక్కరిదీ తొక్కలేదు.

అల్వాల్‌కు మారిపోయినవాళ్లు, రాంగోపాల్‌పేట్‌లోనే ఉండి రావడం మానేసినవాళ్లు, ఇది చూస్తే ఒక్క మెసేజ్ పెట్టండి. నేనే మీ ఇంటికి వచ్చి కూర్చుంటాను. చాపల నిండా ఖాళీలే ఉన్నాయి, నా చేతిలో ఉన్నది ఒక్క పుస్తకం. ముందు ఎవరి చోట పెట్టాలో తెలియడం లేదు.