వినపడని మాటలో తప్పుందా

ఆ ఆదివారం డుమస్ బీచికి వెళ్లే ఆటోలో మా గొడవంతా ఒక్కటే: ఎదుటివాడికి నొప్పే తెలియనప్పుడు, అతణ్ణి అన్న మాట తప్పవుతుందా?

వెనక ఆటోలో మిగతావాళ్లతో వస్తున్న కాక గురించే ఇదంతా. నవాగామ్‌లో మా పక్కింటాయన. పవర్‌లూమ్ షెడ్డు చప్పుడులో ఆయన చెవులు పోయాయి. ఆయనతో పనిచేసే మా కుర్రమిత్రుడికి ఆయన ఎదుటే జోకులేయడం సరదా. పెండ్లాం సతాయింపు వినలేకే కాక చెవుడు తెచ్చుకున్నాడన్నది వాడి పెద్ద జోకు. మొన్న వానాకాలంలో ఆమె పోయాక కూడా మానలేదు. ఆ రోజు కాక మొదటిసారి చెవి మిషన్ పెట్టుకొచ్చాడు.

"నొప్పి లేంది తప్పేంది సార్? ఆయనకు వినవడలే, మేం నవ్వుకున్నం. అందరం ఖుషీ," అన్నాడు ఆటోలో నా పక్కనే కూర్చున్న వాడు.

నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు, జవాబూ తట్టలేదు. పేపర్లో ఎన్నో వాదాలు రాసినవాణ్ణి, ఇంత చిన్న ప్రశ్న నన్ను ఆపేసిందంటే భలే హుషారొచ్చింది.

సముద్రం ఒడ్డున వేడి టమాటా బజ్జీలు, అక్కడి మాటలో భజియాలు. వాడు కాకకు తెగ మర్యాద చేస్తున్నాడు. గాలి హోరు భరించలేక కాక మిషన్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఏందిరా ఇయ్యాల గింత మర్యాద? షెడ్డుల నా పెదవులు జూసే గద మాట్లాడ్తవు. బయట నీ పెదవులు నేను జూడనా?"

భజియా వాడి చేతిలోనే ఆగిపోయింది. మగ్గాల మధ్య వాళ్లిద్దరూ రోజూ మాట్లాడుకునేది అలాగే. బయట కూడా ఆ కళ్లు పనిచేస్తాయని వాడికి తోచనే లేదు.

చెవుల మీద జోకులకు తనకూ నవ్వొచ్చేదట కాకకు. "గని ఆమె పోయినంక గూడ గదే మాటంటివి. ఎన్నేండ్ల సందో ఆమె మాట జూసిన గని, ఇన్లేరా."

నేను ఆగలేక ఆటోలో జరిగిన వాదమంతా నెమ్మదిగా పెదవులు కదుపుతూ చెప్పేశాను. కాక వాడివైపు తిరిగాడు.

"మిషన్ జేబుల ఉన్నది. కండ్లు మూసుకుంటున్న. ఇగ నాకు నొప్పెక్కడిది? ఆ మాట ఇప్పుడను."

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఇంతకంటే సూటి పరీక్ష ఎవరు పెట్టగలరు? వాడు నోరు తెరిచాడు. మావైపు చూశాడు, నీళ్లవైపు చూశాడు. మాట రాలేదు.

"అన్నవారా?" కళ్లు తెరవకుండానే అడిగాడు కాక.

వాడు ఆయన చెయ్యి పట్టుకుని, లేదన్నట్టు అడ్డంగా ఊపాడు.